నీటి వాఙ్మూలము



నా చిన్నతనమున మా యూరి చెరువు గట్టుమీద ఒక ముసలి జాలరి కూర్చుండి నీటివంక చూచుచుండెడివాడు. వల విసరకమునుపే “ఈ మూల కొరమీను కలదు, ఆ తూము కడ జెల్లలు కలవు” అని చెప్పెడివాడు. ఎట్లు తెలిసినదని అడిగినచో “నీరే చెప్పును, నాయనా” అని నవ్వెడివాడు. బుడగ లేచిన తీరు, నాచు కదలిన తీరు, బురద కలగిన తీరు ఆయనకు అక్షరములు. అది ముసలివాని చమత్కారమని నేను అప్పుడు తలచితిని.

నేడు శాస్త్రజ్ఞులు ఆ మాటనే వేరొక విధముగ చెప్పుచున్నారు. చెరువునుండి కొంత నీటిని తీసికొనిపోయి, ఒక్క చేపనైనను పట్టకయే, ఆ చెరువులో ఏయే జీవులు మసలుచున్నవో పేరుపేరున చెప్పుచున్నారు. నీటిచేత ఇట్లు వాఙ్మూలము ఇప్పించు విద్య ఎట్లు పుట్టినదో, దాని మాటను లోకము ఎట్లు నమ్మినదో, ఎంతవరకు నమ్మవలెనో నేడు మీకు విన్నవించెదను.

ఏ ప్రాణియు తాను తిరిగిన చోట తన గుర్తును విడువక పోదు. చేప ఒంటి జిగురు, కప్ప చర్మపు పొర, పక్షి రెట్ట, పశువు చొంగ, ఇవన్నియు నీటిలో కలియుచుండును. వానియందలి కణములలో డీఎన్ఏ అను పదార్థము కలదు. ఆ ప్రాణి దేహము ఎట్లు ఏర్పడవలెనో వ్రాసియుంచిన దస్తావేజు వంటిది అది. ఆ దస్తావేజుకు అక్షరములు నాలుగే. అయినను వాని వరుస జాతిజాతికిని మారుచుండును. కావున ఆ వ్రాతలో ఒక చిన్న ముక్క దొరికినను, చదువనేర్చినవారు అది ఏ జాతిదో చెప్పగలరు.

ఈ పదార్థమును మొదట వేరుచేసినవాడు ఫ్రీడ్రిష్ మీషర్ అను స్విట్జర్లాండు దేశపు యువ వైద్యుడు. 1869లో జర్మనీలోని ట్యూబింగెన్ పట్టణమున, ఆసుపత్రిలో గాయములకు కట్టిన గుడ్డలయందలి చీమును శోధించుచు దీనిని కనుగొనెను. దాని రూపము మెలితిరిగిన నిచ్చెన వంటిదని 1953లో వాట్సన్, క్రిక్ అనువారు వెల్లడించిరి. లండనులో రోజలిండ్ ఫ్రాంక్లిన్ అను విదుషీమణి ఎక్స్-కిరణములతో తీసిన పటములు ఆ కార్యమునకు మిక్కిలి తోడ్పడినవి.

అయినను నీటిలో కలిసిన గుర్తు అత్యల్పము. దానిని చదువుట యెట్లు? 1983లో అమెరికా దేశమున కేరీ మల్లిస్ అనువాడు ఉపాయము కనిపెట్టెను. ఆ చిన్న ముక్కను వేడిచేసి చల్లార్చుచు ప్రతి పర్యాయమును రెట్టింపు చేయుటయే ఆ పద్ధతి. ఒకటి రెండగును, రెండు నాలుగగును. మీరు లెక్క కట్టి చూడుడు: ముప్పది మారులు రెట్టించినచో ఒక్క ప్రతి 107 కోట్లకు పైబడును. అయితే ఆ నకలు వ్రాయు ఎంజైము అను పదార్థము వేడికి తాళక చెడిపోవుచుండెడిది. ఆ చిక్కును తీర్చినది కూడ నీరే. అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గలలో బ్రతుకు ఒక సూక్ష్మజీవిని బ్రాక్, ఫ్రీజ్ అనువారు 1969లో లోకమునకు తెలిపియుండిరి. మరుగునంతటి వేడిని ఓర్చుకొను ఎంజైము దానియందు దొరకెను. మల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమానము లభించినది.

సాధనము చేతికి వచ్చిన పిదప శాస్త్రజ్ఞులు మొదట మట్టిని ప్రశ్నించిరి. 1987 నాటికే నీటి అడుగున నుండు మట్టినుండి సూక్ష్మజీవుల డీఎన్ఏను తీయు పద్ధతి ప్రకటింపబడెను. 2003లో డెన్మార్కు దేశీయుడగు విల్లర్‌స్లెవ్ తన సహచరులతో సైబీరియాలోని గడ్డకట్టిన నేలను శోధించి, ఎముక యొక్కటియు లేకున్నను, ఒకప్పుడు అచట మామత్ అను బొచ్చుటేనుగులు, గుఱ్ఱములు, అడవిదున్నలు తిరిగినవని చూపెను.

పారు నీటిని, నిలుచు నీటిని పెద్ద జంతువులను గూర్చి ప్రశ్నించిన ప్రసిద్ధ ప్రయోగము 2008లో ఫ్రాన్సు దేశమున వెలువడెను. అమెరికానుండి వచ్చిన పెద్ద బోదురుకప్ప ఒకటి అచటి కుంటలలో చేరి స్థానికమైన కప్పలను మ్రింగుచుండెను. అది ఏ కుంటలో కలదో తెలిసికొనుటకు రాత్రులు కాచుకొని చూడవలెను, అరుపు వినవలెను. కొలదిగా నున్నచో కంటబడదు. ఫిచెతోలా, మియో, పోంపనోన్, తబెర్లే అను నలుగురు ఒక్కొక్క కుంటనుండి 15 మిల్లీలీటర్ల నీటిని, అనగా మూడు చిన్న చెంచాలంత, మూడు మారులు మాత్రమే తీసిరి. కప్పలు కొలదిగా నున్న కుంటలు కూడ తమ రహస్యమును చెప్పివేసినవి.

ఇంతవరకు ఇది పండితుల ముచ్చట. అటు పిమ్మట వచ్చినది వ్యాజ్యము.

అమెరికాలోని షికాగో నగరపు మురుగునీరు పూర్వము తాము త్రాగు మిషిగన్ సరస్సులోనికే పోవుచుండెడిది. 1900లో వారు పెద్ద కాలువ త్రవ్వి నదిని వెనుకకు మరలించి, ఆ నీటిని మిసిసిపి నదివైపు పంపిరి. అందుచేత రెండు వేరు వేరు నీటి సీమలకు దారి ఏర్పడినది. 1970 ప్రాంతమున ఆసియానుండి సిల్వర్ కార్ప్, బిగ్‌హెడ్ కార్ప్ అను చేపలను చెరువులు శుభ్రపరచుటకని అర్కన్సా రాష్ట్రమునకు తెచ్చిరి. సిల్వర్ కార్ప్ మన దేశమునకును 1959లో తేబడినదే. అక్కడ అవి చెరువులనుండి తప్పించుకొని నదిని పట్టి, యేటేట పైకి ప్రాకినవి. సరస్సులు చేరినచో అచటి చేపల మేతనంతయు హరించునని జనులు భయపడిరి. కాలువలో విద్యుచ్ఛక్తితో ఒక కంచె కట్టిరి.

2009లో లాడ్జ్, జెర్డ్, మహాన్, చాడర్టన్ మొదలగు పరిశోధకులు కాలువ పొడవునను రెండేసి లీటర్ల నీరు తీసి పరీక్షించిరి. కంచెకు ఆవల, సరస్సు వైపున కూడ ఆ చేపల గుర్తు దొరకెను. కాని వలలో ఒక్క చేపయు పడలేదు. ఎవరి మాట నమ్మవలెను? కంటికి కనబడని సాక్షినా, వట్టి వలనా?

ఆ డిసెంబరులో కంచెను మరమ్మతుకై ఆపవలసివచ్చెను. ఆ సందున చేపలు దాటునేమో యని అధికారులు ఆరు మైళ్ల కాలువకు మందు కలిపిరి. వేలకొలది చేపలు చచ్చినవి. అందు దొరికిన బిగ్‌హెడ్ కార్ప్ ఒక్కటే, అదియు కంచెకు ఈవలి వైపుననే. ఆ నెలలోనే మిషిగన్ రాష్ట్రము, కాలువ లాకులను మూయింపవలెనని అత్యున్నత న్యాయస్థానమును ఆశ్రయించెను. లాకులు మూసినచో పడవల వర్తకము నిలుచును, తెరచినచో చేపలు దాటునేమోయని భయము. 2010 జనవరిలో న్యాయస్థానము లాకులు మూయుమని ఆజ్ఞాపింప నిరాకరించెను. ఆరు మాసములైనను గడువకమునుపే, 2010 జూనులో, కంచెకు ఆవలనున్న కాల్యుమెట్ సరస్సున సుమారు 20 పౌండ్ల బిగ్‌హెడ్ కార్ప్ ఒకటి వలలో పడెను.

నీరు చెప్పినది నిజమేనని కొందరు సంతోషించిరి. కాని కథ అచటితో ముగియలేదు. అటు తరువాత ఏండ్ల తరబడి వలలు వేసినను కంచెకు ఆవల 2017లో ఒక సిల్వర్ కార్ప్, 2022లో మరియొకటి మాత్రమే పట్టుబడినవి. భయపడిన సేన అచట లేదు. అయితే సాక్షి అబద్ధమాడెనా? లేదు. మనమే అడుగరాని ప్రశ్న అడిగితిమి. చేపను తిన్న పక్షి రెట్టలోను, పడవల అడుగుకు అంటిన జిగురులోను, వీథుల వాననీటి కాలువలలోను ఆ గుర్తు ప్రయాణము చేయగలదని పిదప జరిగిన పరిశోధనలలో తేలినది.

పెద్దలారా, తగవు తీర్చునపుడు మీరు సాక్షిని ఏమని అడుగుదురు? “నీవు కన్నది ఏది, విన్నది ఏది, ఊహించినది ఏది?” అని వేరుచేసి అడుగుదురు. నీటిని కూడ అట్లే అడుగవలెను. “ఈ జాతి గుర్తు నాలో కలదు” అని అది చెప్పగలదు. ఆ జీవి బ్రతికి యున్నదో చచ్చినదో చెప్పజాలదు. ఎన్ని యున్నవో సరిగా చెప్పజాలదు. పారు నీటిలోని గుర్తు ఎగువ ఊరినుండి కొట్టుకొని వచ్చినదై యుండవచ్చును. నీటిలో ఆ గుర్తు సాధారణముగ కొన్ని దినములో, కొన్ని వారములో మాత్రమే నిలుచును. అడుగు మట్టిలోనైతే యుగములు నిలుచును. 2022లో గ్రీన్లాండు మట్టినుండి 20 లక్షల యేండ్లనాటి డీఎన్ఏను చదివిరి. మరియొక మాట: చిట్టాలో ఎక్కని పొలమునకు పట్టా చెప్పలేనట్లు, ముందుగా వ్రాసియుంచుకొనని జాతిని ఈ విద్య గుర్తింపలేదు.

ఈ హద్దు లెరిగి వాడినవారికి నీటి సాక్ష్యము మేలు చేసినది. ఇంగ్లండు దేశమున కప్పలవలె ఉభయచరమగు, బల్లివలె తోక గల, న్యూట్ అను జీవి కలదు. అది యున్న కుంటను అనుమతి లేక పూడ్చి ఇల్లు కట్టుట చట్టవిరుద్ధము. పూర్వము దానిని కనుగొనుటకు రాత్రులు దీపములతో వెదకెడివారు, సీసాల ఉచ్చులు పన్నెడివారు. దానికి మారుగా కుంట చుట్టును ఇరువది చోట్ల గరిటెతో నీరు తీసి, కలిపి, ఆరు గొట్టములలో పోసి పంపు పద్ధతిని పరీక్షించిరి. న్యూట్ కలదని ముందుగా తెలిసిన కుంటలలో, స్వచ్ఛంద సేవకులు తీసిన నీరు కూడ నూటికి 91 పాళ్లు నిజము చెప్పెను. 2014లో అచటి ప్రభుత్వ సంస్థ దీనిని అంగీకరించెను. అయితే ఒక నియమము కలదు: ఏప్రిల్ 15 మొదలు జూన్ 30 వరకు, అనగా ఆ జీవి నీటిలోనుండు కాలమున, తీసిన నీటినే నమ్ముదురు. సాక్షిని అడుగవలసిన వేళ కూడ ముఖ్యమే.

మన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులును ఈ విద్యను పెంపొందించిరి. ఒడిశాలోని చిలికా సరస్సు నీటిని శోధించి, సూక్ష్మజీవులు మొదలుకొని చేపలు, పక్షులవరకు గల జీవకోటి జాడలను అందు చదివిరి. మన పల్లెలకును దీనితో పని కలదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకమును మన ప్రభుత్వము నిషేధించియున్నది. అది వరదకు గుంటనుండి చెరువులోనికి జారినచో, కొరమీను తగ్గిన పిదపగాని మనకు తెలియదు. నీరు ముందుగనే చెప్పగలదు.

అయితే నీటిని ఎక్కడ, ఎప్పుడు, ఏమని అడుగవలెనో శాస్త్రజ్ఞునకు ఎవరు చెప్పుదురు? ఏ తూమునుండి కొత్త నీరు వచ్చును, ఏ యేట చెరువు ఎండెను, ఏ చేప ఎప్పటినుండి కనబడుట లేదు, ఈ సంగతులు పరిశోధనశాలలో దొరకవు. అవి మీ జ్ఞాపకములో కలవు. మా చెరువు గట్టున కూర్చుండిన ఆ జాలరి చెప్పినవి ఎవరును వ్రాసికొనలేదు. ఆయనతోనే అవి పోయినవి. మీకు తెలిసిన చేపల పేర్లను, అవి కనబడిన యేండ్లను మీ మనుమల చేత ఒక పుస్తకములో వ్రాయింపుడు. రేపు మీ చెరువు నీరు వాఙ్మూలము ఇచ్చునాడు, దానిని సరిచూచుటకు రెండవ సాక్షి అదియే యగును.

సెలవు.