ది పార్క్, హైదరాబాద్

హైదరాబాద్ సోమాజిగూడలో రాజ్‌భవన్ రోడ్డు మీద, హుస్సేన్ సాగర్ కనిపించేలా కట్టిన పెద్ద హోటల్ ఇది. 2010లో మొదలైంది. గదులు 260కి పైగా ఉన్నాయి. నిజాం నగల పనితనాన్ని ఒంటినిండా దిద్దుకున్న భవనంగానూ, ‘కిస్మెట్’ అనే నైట్‌క్లబ్ వల్లనూ పేరు పొందింది.

ఒకప్పుడు ఈ నగరంలో రాజసం కోరుకునే అతిథులు పాత భవంతులకు వెళ్లేవారు. న్యాయమూర్తి సర్ నిజామత్ జంగ్ తాను చదువుకున్న కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ పోలికలతో 1915లో హిల్‌ఫోర్ట్ కట్టించారు. తర్వాత అందులో ఏడో నిజాం కుమారుడు మొజాం జా ఉన్నారు. ఆపైన అదే రిట్జ్ హోటలై దశాబ్దాలు నడిచింది. ఇక రాత్రి వినోదాలకు గట్టి అడ్డు 1995లో వచ్చింది. ఆ జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించాక, ఐటీ ఉద్యోగాలు పెరిగేకొద్దీ బేగంపేట, బంజారాహిల్స్ వైపు పబ్బులు వెలిశాయి.

పార్క్ హోటళ్లు తెలుగువాళ్లకు కొత్తవి కావు. ఎపీజే సురేంద్ర గ్రూపు 1967లో కలకత్తా పార్క్ స్ట్రీట్‌లో మొదటిది తెరిచి, మరుసటి ఏడాదే విశాఖ సముద్రతీరంలో రెండోది పెట్టింది. 1990లో గ్రూపు అధిపతి సురేంద్ర పాల్ అస్సాంలో ఉల్ఫా తీవ్రవాదుల చేతిలో హతులయ్యారు. ఆ తర్వాత హోటళ్ల బాధ్యత కుమార్తె ప్రియా పాల్ చేపట్టారు. ఏ ఊరి జ్ఞాపకాన్ని ఆ ఊరి హోటల్‌కు అలంకారం చేయడం ఆమె హయాంలో బలపడిన పద్ధతి. చెన్నైలో 2002లో తెరిచిన పార్క్, ఒకప్పటి జెమినీ స్టూడియో స్థలంలో సినిమా జ్ఞాపకాలతో రూపుదిద్దుకుంది. తెలుగు ‘బాలనాగమ్మ’ను 1942లో తీసిన స్టూడియో అదే.

హైదరాబాద్‌కు ఎంచుకున్న జ్ఞాపకం నిజాం నగలు. అమెరికా సంస్థ స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ రూపకల్పన చేసింది. చిల్లులు పొడిచి, ఉబ్బెత్తు నగిషీ దిద్దిన లోహపు రేకులు భవనాన్ని చుట్టి ఉంటాయి. అవి అందానికే కాదు, ఎండను అడ్డుకోవడానికీ పనికొస్తాయి. పర్యావరణ హిత నిర్మాణానికి లీడ్ గోల్డ్ గుర్తింపు వచ్చింది. మధ్యలో పాత హవేలీల తీరులో ముంగిలి, అందులో ఈతకొలను. కిస్మెట్ ఆ కొలను అడుగు అంతస్తులో ఉంటుంది. ముంగిట్లో వదిలిన సందుల గుండా పైవెలుగు కిందికి దిగుతుంది. నైట్‌క్లబ్‌ను ఏదో ఒక మూలకు నెట్టేయకుండా ఇంటి నడిబొడ్డున పెట్టడమే ఈ నిర్మాణంలో అన్నిటికన్నా సాహసమైన ఆలోచన. 2010 నవంబరులోనే తాజ్ సంస్థ ఫలక్‌నుమా ప్యాలెస్‌ను బాగుచేసి హోటల్‌గా తెరిచింది. ఒకే ఏడాది అసలు రాజభవనమొకటి, రాజసాన్ని కొత్తగా ఊహించిన భవనమొకటి నగరానికి దక్కాయి.

నగల మాట వచ్చింది కనుక, వాటి రాళ్ల పుట్టుక కూడా చెప్పుకోవాలి. నిజాం నగల్లో పేరుమోసిన 184.75 క్యారట్ల జాకబ్ వజ్రం దక్షిణాఫ్రికాది. గోల్కొండ వజ్రాలన్నవి మాత్రం గోల్కొండలో దొరికినవి కావు, అక్కడ అమ్ముడైనవి. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరులో, కర్నూలుకు దక్షిణాన రామళ్లకోటలో, అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉండేవి. ఇప్పటికీ తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో కూలీలు, రైతులు పిల్లాజెల్లాతో వచ్చి నేలంతా కళ్లతో జల్లెడ పడతారు. నిజాం నగలు 173ను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొంది. రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్న ఆ నగలు 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చాయి. నగలకు ఇంత చోటిచ్చిన నగరం, ఆ రాళ్లను తవ్వి తీసిన ఊళ్ల పేర్లకు కూడా చోటివ్వాలి.

హోటల్ యాజమాన్య సంస్థ ఎపీజే సురేంద్ర పార్క్ హోటల్స్ 2024 ఫిబ్రవరిలో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది.