స్కైడాన్సర్ (ఆల్బమ్)

స్కైడాన్సర్ స్వీడన్ దేశానికి చెందిన డార్క్ ట్రాంక్విలిటీ అనే మెలోడిక్ డెత్ మెటల్ బృందం యొక్క మొదటి పూర్తి నిడివి ఆల్బమ్. తొమ్మిది పాటలు గల ఈ ఆల్బమ్‌ను ఫిన్లాండ్‌కు చెందిన స్పైన్‌ఫార్మ్ రికార్డ్స్ సంస్థ 1993లో విడుదల చేసింది. ఆండర్స్ ఫ్రీడేన్ ప్రధాన గాయకుడిగా ఈ బృందం వెలువరించిన ఆల్బమ్ ఇది ఒక్కటే.

నేపథ్యం

డెత్ మెటల్ 1980లలో అమెరికాలో రూపుదిద్దుకొన్న శైలి. గర్జనను పోలిన గానం, శ్రుతి తగ్గించిన గిటార్లు, అతివేగంగా సాగే డ్రమ్ములు దీని ముఖ్య లక్షణాలు. గోథెన్‌బర్గ్ నగరపు యువకులు ఈ కరకుదనాన్ని విడువకుండానే, ఐరన్ మెయిడెన్ వంటి బ్రిటిష్ బృందాల పద్ధతిలో రెండు గిటార్లు జంటగా నడిచే బాణీలను దానికి జోడించారు. మెలోడిక్ అనే విశేషణం ఆ బాణీల వలన వచ్చినదే. ఆ నగర సమీపంలోని బిల్‌డాల్‌లో 1989లో సెప్టిక్ బ్రాయిలర్ అనే పేరుతో మొదలైన బృందమే తరువాత డార్క్ ట్రాంక్విలిటీగా పేరు మార్చుకొన్నది.

సంగీతం

ఫ్రీడేన్ గానంతో పాటు మికాయెల్ స్టానే, నిక్లాస్ సుండీన్ గిటార్లు, మార్టిన్ హెన్రిక్సన్ బాస్ గిటార్, ఆండర్స్ యివార్ప్ డ్రమ్ములు వాయించారు. పాటల నిర్మాణం సరళమైనది కాదు. ఒక బాణీ చెవికి పట్టుబడేలోపే మరొకటి మొదలవుతుంది. నడుమ అకూస్టిక్ గిటార్, అక్కడక్కడ స్త్రీ కంఠం వినవస్తాయి. ధ్వనిముద్రణలో స్పష్టత తక్కువ. తొలిసారి వినేవారికి ఇది గందరగోళంగా తోచవచ్చు గాని, ఒక్క ఆల్బమ్‌లోనే ఇన్ని బాణీలను కూర్చిన ఆ కుర్రవాళ్ళ ఉత్సాహం మాత్రం దాగదు.

గాయకుల మార్పు

ఆల్బమ్ వెలువడిన పిమ్మట ఫ్రీడేన్ బృందాన్ని వీడాడు. అప్పటివరకు గిటార్ వాయిస్తూ వచ్చిన స్టానే ప్రధాన గాయకుడయ్యాడు. విచిత్రమేమంటే, అదే నగరానికి చెందిన ఇన్ ఫ్లేమ్స్ బృందం తన మొదటి ఆల్బమ్ లూనార్ స్ట్రెయిన్ (1994)లో పాడించుకొన్నది ఈ స్టానే చేతనే. 1995లో ఫ్రీడేన్ ఆ ఇన్ ఫ్లేమ్స్‌లోనే చేరాడు. అనగా, ఈ రెండు బృందాల తొలి ఆల్బమ్‌లలోనూ వినిపించేది తరువాతి కాలంలో ఎదుటి బృందానికి గుర్తుగా నిలిచిన గొంతు. స్కైడాన్సర్‌లోని అలోన్ అనే పాటను స్టానే గొంతుతో మరల ముద్రించి 1995 నాటి లఘు ఆల్బమ్‌లో చేర్చారు. రెండింటినీ పోల్చి వింటే మార్పు తేటతెల్లమవుతుంది.

తరువాత

1995లో వచ్చిన రెండవ ఆల్బమ్ ది గ్యాలరీతో బృందానికి విస్తృతమైన పేరు వచ్చింది. 1996లో స్కైడాన్సర్‌ను పై లఘు ఆల్బమ్‌తో కలిపి పునర్విడుదల చేశారు. హెన్రిక్సన్ 2016లో, సుండీన్ 2020లో, యివార్ప్ 2021లో వైదొలగడంతో ఈ ఆల్బమ్ నాటి సభ్యులలో స్టానే ఒక్కడే మిగిలాడు.