కెనడా పీఆర్ వచ్చిందా? కార్డు చేతికి రాకుండా ఇండియా ఫ్లైట్ ఎక్కొద్దు!

కెనడా పీఆర్ రాగానే చాలామంది ఇంటికి టికెట్ బుక్ చేసేస్తారు. చిక్కంతా ఇక్కడే! పీఆర్ ఇచ్చినట్టు వచ్చే కన్ఫర్మేషన్ పత్రం తిరుగు ప్రయాణానికి పనికిరాదు. పీఆర్ కార్డు లేకపోతే శంషాబాద్‌లోనే ఎయిర్‌లైన్స్ సిబ్బంది ఆపేయొచ్చు. పాత స్టడీ వీసా ఉంది కదా అంటే కుదరదు. కార్డు కెనడా అడ్రస్‌కే వస్తుంది, విదేశాలకు పంపరు. ఆ అడ్రస్ 180 రోజుల్లోగా ఇవ్వకపోతే ఫీజు కట్టి కార్డుకు అప్లై చేసుకోవాల్సిందే.

ఇప్పటికే వచ్చేశారా? పర్మనెంట్ రెసిడెంట్ ట్రావెల్ డాక్యుమెంట్‌కు అప్లై చేయాలి. ఫీజు 50 కెనడా డాలర్లు. కెనడా బయట ఉన్నప్పుడే ఇది ఇస్తారు. 5 ఏళ్లలో 730 రోజుల రెసిడెన్సీ రూల్‌నూ చూస్తారు. అమెరికా నుంచి ప్రైవేటు కారులో బోర్డర్ దాటే వీలుంది.. కానీ దానికి ముందు అమెరికా వీసా ఉండాలిగా!