గ్రీకు తత్త్వవేత్తల వాదములు

క్రీ. పూ. 6వ శతాబ్దమున, నేటి తుర్కీ దేశపు పడమటి తీరమున, మిలేటస్ అను రేవుపట్టణము వర్ధిల్లుచుండెను. అచటివాడైన థేలీస్ సమస్తమునకును నీరే మూలమనెను. ఈ మాటకంటె దాని తరువాతి కథయే ముఖ్యము. అదే పట్టణమున అతని వెనుక వచ్చిన అనాక్సిమాండర్ ఆ మాటను కాదనెను. నీరే మూలమై అనంతముగా నుండినచో నిప్పు నిలుచుట యెట్లు? కావున మూలపదార్థము నీరును గాదు, నిప్పును గాదు, ఎల్లలు లేని మరియొకటి యనెను. పెద్దవాని మాటను కారణము చూపి ఖండించుటతోనే గ్రీకు తత్త్వశాస్త్రము ప్రారంభమైనదని నా తలంపు.

ఆ వాదములలో మిక్కిలి కఠినమైనది దక్షిణ ఇటలీలోని ఎలియా నగరవాసి పార్మెనిడీసుది. క్రొత్తగా నొకటి పుట్టవలెనన్న లేనిదానినుండి పుట్టవలెను. లేనిదానినుండి ఏదియు పుట్టదు. కావున పుట్టుకయు, చావును, మార్పును, చలనమును భ్రమలే యని అతని సిద్ధాంతము. శిష్యుడు జీనో దీనికి బాసటగా నొక చిక్కు కల్పించెను. పరుగున మేటియైన అకిలీస్, కొంత ముందుగా బయలుదేరిన తాబేటిని ఎన్నటికిని దాటలేడట! అతడు తాబేలున్న చోటు చేరునప్పటికి అది మరికొంత సాగియుండును. అచటికి చేరునప్పటికి ఇంకను కొంత. విన్నంతనే నవ్వు వచ్చును. తప్పెచట నున్నదో చూపబోయినచో ఆ నవ్వు నిలువదు.

లూసిప్పస్, డెమోక్రిటస్ అనువారు దీనికి చక్కని సమాధానము చెప్పిరి. పరమాణువులు పుట్టవు, నశింపవు. ఇంతవరకు పార్మెనిడీసు మాటయే. కాని శూన్యమును కలదు. అందు అవి కదలుచు, కలియుచు, విడిపోవుచుండును. మనము పుట్టుక, చావు అనునవి ఆ కలయికయు వియోగమునే.

సోక్రటీసు ఈ ప్రశ్నలను మనుష్యుని నడవడివైపు త్రిప్పెను. ధర్మమన నేమని వీథులలో అడిగినందులకు ఏథెన్సు నగరము క్రీ. పూ. 399లో అతనికి విషమిచ్చెను. అయినను ప్రశ్న ఆగలేదు. ప్లేటో విద్యాపీఠమున 20 సంవత్సరములు చదివిన అరిస్టాటిల్ గురువుగారి భావరూపసిద్ధాంతమునే ఖండించెను.

ఇన్ని వాదములు జరిగినను, గ్రంథములు మాత్రము పెక్కు నశించినవి. డెమోక్రిటస్ రచనల పట్టిక మిగిలినది గాని, వానిలో ఒక్కటియు సమగ్రముగా మిగులలేదు. పార్మెనిడీసు వ్రాసిన కావ్యము క్రీ. శ. 6వ శతాబ్దమునకే దుర్లభమయ్యెను. ఆ కాలపు పండితుడు సింప్లీసియస్, అరిస్టాటిల్ గ్రంథమునకు వ్యాఖ్య వ్రాయుచు, ఆ పుస్తకము దొరకుట అరుదైనదని చెప్పి, అందలి పంక్తులను విస్తారముగా నెత్తి వ్రాసికొనెను. ఆ కావ్యములోని ప్రధానవాదము నేడు మనకు చదువ దొరకుచున్నదన్న, అది చాలవరకు అతని వ్యాఖ్యవలననే.