ఎర్ర సిలిండర్ల బండి

మొన్న దసరాకి బాపుతో కలిసి నల్గొండ పోతుంటే, పంతంగి టోల్‌గేట్ దాటాక మా కారు ముందు ఓ లారీ. నిండా ఎర్ర సిలిండర్లు, పైన సగం దాకా టార్పాలిన్. "గ్యాసు బండిరా, దాని ఎనక పోకు" అన్నాడు బాపు. లారీ వెనక డైమండు గుర్తు, 1049 అన్న అంకె, కొన్ని ఇంగ్లీషు ముక్కలు, వాటి మీద బురద. ఇంజనీరింగ్ చదివానన్న మాటే గానీ 1049 ఏంటో నాకూ తెలీదు. ఇంటికెళ్ళి తవ్వితే పాత కథే బయటపడింది.

1049 అంటే ఐక్యరాజ్యసమితి లెక్కలో కంప్రెస్డ్ హైడ్రోజన్. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దగ్గర, బెంగుళూరు రోడ్డు మీద జడ్చర్ల పక్కన పోలేపల్లిలో మందుల ఫ్యాక్టరీలున్నాయి కదా. మందుల తయారీలో హైడ్రోజనేషన్ మామూలు పని.

మన దేశంలో పేలుడు పదార్థాల చట్టం 1884లో వచ్చింది. దాన్ని చూసుకునే శాఖ 1898లో పుట్టింది, ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. 1938లో ఓ నోటిఫికేషన్‌తో, లోహపు పాత్రలో ఒత్తిడితో నింపిన ఏ గ్యాసైనా "పేలుడు పదార్థమే" అన్నారు. అంటే చట్టం దృష్టిలో మంటే అంటుకోని నైట్రోజన్ కూడా బాంబే :). వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఇందులో గొప్ప తెలివుంది. గ్యాసు సంగతి పక్కన పెట్టి ఒత్తిడిని పట్టుకున్నారు. 1940లో గ్యాస్ సిలిండర్ రూల్స్ వచ్చాయి. అప్పటికి మన నల్గొండ, మహబూబ్‌నగర్ నిజాం రాజ్యంలో ఉన్నాయి. తర్వాత అవే రూల్స్‌ని 1981, 2004, 2016లలో తిరగరాశారు.

ఒత్తిడి ఎంతంటే, మామూలు పెద్ద సిలిండర్లో సుమారు 150 బార్. అందులో హైడ్రోజన్ తూకం మాత్రం అరకిలో పైచిలుకు. దాన్ని మోసే ఉక్కు యాభై కిలోల పైమాటే! అందుకే కింద పడి వాల్వు విరిగితే సిలిండర్ రాకెట్‌లా లేస్తుంది. వాల్వు మీద మూత, కదలకుండా కట్టడం, బండి అంచు దాటి బయటికి రాకుండా పేర్చడం అందుకే. సైకిల్, మోటార్ సైకిళ్ళ మీద తీసుకుపోకూడదన్న రూలు కూడా ఉంది. మండే గ్యాసుల వాల్వు మరలు ఎడమవైపు తిరగడం, హైడ్రోజన్‌కి ఎర్ర రంగు, ఇవన్నీ ఒకదాని బదులు ఇంకోటి తగిలించకుండా.

హైడ్రోజన్ అనగానే అందరూ 1937 నాటి హిండెన్‌బర్గ్ బొమ్మ చూపిస్తారు. అది గుడ్డ సంచిలో, ఒత్తిడి లేకుండా ఉన్న గ్యాసు. మన లారీ సంగతి వేరు. గాలికన్నా 14 రెట్లు తేలిక కాబట్టి కారితే పైకి పోతుంది, వంటగ్యాసులా గుంటల్లో పేరుకోదు. కానీ టార్పాలిన్ కింద చిక్కుకుంటే? గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంతున్నా అంటుకుంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు.

ఇంకోటి, దీని మంట పగటి వెలుగులో దాదాపు కనబడదు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కల్వర్టుకి గుద్దుకుని కాలిపోయింది, 45 మంది పోయారు. అది డీజిల్ మంట. మనవాళ్ళకి రోడ్డు మీద మంటంటే అలాంటిదే, పొగతో దూరం నుంచే తెలిసేది. హైడ్రోజన్‌కి పొగ కూడా ఉండదు. వెనకటికి అమెరికాలో కారిన చోటు వెతకడానికి చీపురు ముందుకు చాచి నడిచేవాళ్ళట, చీపురు అంటుకుంటే ఆగిపోవడం!

భోపాల్ (1984) తర్వాత 1989 మోటారు వాహనాల రూల్స్‌లో ప్రమాదకర సరుకుల భాగం చేరింది. బండికి మూడుచోట్ల సమాచార పలక ఉండాలి, దాని మీద సరుకు పేరు, నంబరు, ఫోను. డ్రైవర్‌కి మూడు రోజుల శిక్షణ, ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం రావాలి. డ్రైవర్ గురించి ఇంత ఆలోచించారు. బండి బోల్తా పడితే ముందు పరిగెత్తుకొచ్చేది మాత్రం పక్క చేలో పత్తి ఏరుతున్నవాళ్ళు. నేను చూసిన పలక మీద వాళ్ళకోసం ఒక్క తెలుగు అక్షరం లేదు.

ఇదంతా బాపుకి చెప్తే ఒకటే అడిగాడు: "మరి పడితే ఏం జెయ్యాలె?" దగ్గరికి పోవద్దు, బీడీ ముట్టించొద్దు, బండ్లు ఆపి దూరంగా పంపాలి, 101కి ఫోన్ చేసి ఆ 1049 చెప్పాలి అన్నాను. మంట ఉంటే గ్యాసు ఆపకుండా దాన్ని ఆర్పకూడదు, దూరం నుంచి నీళ్ళతో సిలిండర్లని చల్లబరచాలి, అది ఫైరింజన్ వాళ్ళ పని.

"గీ ముక్క బండి మీద తెలుగుల రాస్తే ఏం బోయింది?" అన్నాడు.