ఆదోనిలో గాలి బరువు

పాత టర్బో డీజిల్ బండికి పికప్ పోయిందంటే, పని తెలిసిన మెకానిక్ వెంటనే స్పానర్ పట్టడు. తాళం తిప్పి, ఇంజిన్ వెయ్యకుండా, స్కానర్లో బూస్ట్ ప్రెజర్ అంకె చూస్తాడు. ఆదోనిలో అయితే అది సుమారు 96 ఉండాలి. విశాఖ బీచ్‌లో 101 చూపించే సెన్సారే ఇక్కడ 96 చూపిస్తుంది, ఊరు సముద్రమట్టానికి 435 మీటర్ల ఎత్తున ఉంది మరి. కిలోపాస్కళ్లలో చెప్పే ఈ అంకె చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి. ఆగి ఉన్న ఇంజిన్‌లో 60 అనో 140 అనో కనిపిస్తే సెన్సారో దాని వైరింగో చెడినట్టు. 96 దగ్గరే ఉంటే సెన్సార్ కొనడానికి పరుగెత్తనక్కర్లేదు.

ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుందన్న సంగతే టర్బోకి పేరు తెచ్చింది. వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిప్పి, ఆ ఊపుతో ఇంజిన్లోకి గాలి దట్టించవచ్చని స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లో పేటెంట్ తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానం ఇంజిన్ని లారీకెక్కించి, 4,300 మీటర్ల పైక్స్ పీక్ కొండమీదికి తీసుకెళ్లాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిన్ పైన 230కి దిగిపోయింది. టర్బో తగిలిస్తే 356 ఇచ్చింది.

హొళగుంద మండలంలోని మన దేవరగట్టు అంతటి కొండేమీ కాదు. కానీ విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవానికి పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకుని, దుమ్ములో, తక్కువ గేర్లలో పాకే బండికి అదే పెద్ద పరీక్ష. పైగా దసరా అంటే ఆదోని యార్డుకి పత్తి దిగే రోజులు. రోడ్డు మీద ఎగిరే దూది పింజలు ఎయిర్ ఫిల్టర్‌కీ, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ రెక్కలకీ అంటుకుంటాయి. సెన్సార్ మార్చకముందు ఫిల్టర్ తీసి దులిపి చూస్తే ఎంత డబ్బు మిగులుతుందో!

బూస్ట్ కొలిచే పని మొదట కరెంటుది కాదు. టర్బో లారీల డీజిల్ పంపు నెత్తిన చిన్న డబ్బా ఉండేది. ఇంజిన్‌కి వెళ్లే గాలి ఒక సన్న పైపులోంచి వచ్చి అందులోని రబ్బరు పొరని నొక్కేది. ఎంత నొక్కితే అంత డీజిల్. పొర చిరిగితే లారీ ఎత్తు ఎక్కదు. గాలికి మించి డీజిల్ పోస్తే నల్లపొగ. 1951లో పుట్టిన బెంగళూరు డీజిల్ పంపుల కంపెనీ మైకో 2008లో బాష్‌గా పేరు మార్చుకుంది గాని, పాత డ్రైవర్ల నోట అది ఇప్పటికీ మైకో పంపే. ఆ రోజుల్లో మెకానిక్కుకి చెవీ ముక్కే స్కానర్లు.

1997లో ఆల్ఫా రోమియో 156తో అన్ని నాజిళ్లకీ ఒకే గొట్టం నుంచి డీజిల్ పంచే కామన్ రైల్ కార్లలోకి వచ్చింది. అప్పట్నుంచి డీజిల్ భారీ ఒత్తిడితో (మొదట్లో 1,350 బార్ దాకా) ఆ రైల్లో సిద్ధంగా ఉంటే, నాజిల్ ఎంతసేపు తెరుచుకోవాలో కంప్యూటర్ చెబుతోంది. మన దగ్గర 2002 నాటి స్కార్పియో మొదట్లో కామన్ రైల్ లేని టర్బో. ఆ హంగు తర్వాత వచ్చింది. 2007లో స్విఫ్ట్ డీజిల్ దిగింది. చేతులు మారుతూ ఊళ్లకి చేరిన అలాంటి బండ్లే ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు రోడ్ల పక్క షెడ్లకి పని పెడుతున్నాయి.

అక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒక్కటే. స్కానర్‌లో పి0299 కోడ్ రాగానే సెన్సార్ మార్చేస్తారు. ఆ కోడ్‌కి అర్థం బూస్ట్ తక్కువగా ఉందని. సెన్సార్ చెడిందని కాదు. జ్వరం వచ్చిందని థర్మామీటర్ మార్చినట్టుంటుంది. నల్లపొగతో పికప్ లేకపోతే గాలి ఎక్కడో కారుతోంది: ఇంటర్‌కూలర్ రబ్బరు పైపు చీలిన చోట నూనె మరక ఉంటుంది, ఆక్సిలరేటర్ తొక్కితే సుయ్యిమంటుంది. టర్బో రాడ్డుని లాగే సన్నటి వాక్యూమ్ పైపు ఎండి పగిలినా అంతే. ఇవన్నీ బాగుంటే అప్పుడు సెన్సార్ విప్పి, మసి పట్టిందేమో చూసి స్ప్రేతో కడగాలి. సూది పెట్టి గీకితే మాత్రం కొత్తది కొనాల్సిందే.

పొగ లేకుండా పికప్ పోతే అనుమానం డీజిల్ మీదికి పోవాలి. ఫిల్టర్‌లో నీళ్లు చేరాయా? సెల్ఫ్ కొట్టినప్పుడు రైల్లో సుమారు 200 బార్ అయినా లేస్తోందా? లేవకపోతే నాలుగు నాజిళ్ల రిటర్న్ పైపులకీ నాలుగు సీసాలు తగిలించి ఇంజిన్ తిప్పాలి. ముందుగా నిండిన సీసా ఏ నాజిల్‌దో, కారేది అదే.

పని అయ్యాక షెడ్డు ముందు రేజ్ చేసి చూస్తే చాలదు, లోడు లేకుండా టర్బో సరిగా నొక్కదు. నిండా మనుషుల్ని ఎక్కించి, దేవరగట్టు దారిలో మూడో గేరులో గట్టిగా తొక్కాలి. 96 దగ్గర మొదలైన అంకె చాలా బండ్లలో 200 దాకా ఎక్కుతుంది. 110 దగ్గరే ఆగిపోయిందా, మళ్లీ ఆ రబ్బరు పైపుల దగ్గరికే.