ఎల్-డోపా: ఒక మందు, ఒక విటమిను

1913వ సంవత్సరమున బాసెల్ నగరమున మార్కస్ గుగ్గెన్‌హైమ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఐరోపా చిక్కుడునుండి ఒక పదార్థమును వేరుచేసి, దాని ప్రభావము తెలిసికొనగోరి రెండున్నర గ్రాములు తానే మ్రింగెను. విపరీతముగా వాంతులయినవి. (విద్యార్థులు ఈ పద్ధతిని అనుకరింపరాదు!) ఆ పదార్థమే ఎల్-డోపా. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనువారు, తగిలిన దురద పుట్టించు మన దూలగొండి గింజలనుండియు దానిని వేరుచేసిరి.

దాని ఉపయోగము చాల ఆలస్యముగా తెలిసినది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన వణుకు వ్యాధి గలవారి మెదడులో డోపమైను అను రసాయనము మిక్కిలి తగ్గియుండునని 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ కనుగొనిరి. డోపమైను రక్తమునుండి మెదడులోనికి పోజాలదు. డోపా పోగలదు, పోయి అక్కడ డోపమైనుగా మారును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. మ్రింగిన డోపాలో అధికభాగము మెదడు చేరకమునుపే డోపమైనుగా మారి, వాంతులు పుట్టించును, రక్తపుపోటును తగ్గించును. 1967లో అమెరికాలో జార్జి కోట్సియస్ మోతాదును మెల్లమెల్లగా పెంచుచు రోజునకు 16 గ్రాములవరకు డోపా ఇచ్చెను. (అది కుడి ఎడమ రూపముల మిశ్రమము, పనిచేయునది సగమే.) రోగులలో పలువురు చక్కగా కోలుకొనిరి. ఆయన సాధించినదానిలో తెలివి ఎంతయో ఓర్పు అంతయని నా తలంపు.

1969లో మరియొక వింత బయటపడినది. డోపాతో కోలుకొన్నవారికి బి6 విటమిను ఇవ్వగా వ్యాధి లక్షణములు తిరిగివచ్చినవి! బలమునకు వాడు విటమిను మందునెట్లు చెరచినది? డోపాను డోపమైనుగా మార్చు ఎంజైమునకు బి6 తోడ్పడును. విటమిను హెచ్చగా ఆ మార్పు మెదడు వెలుపలనే త్వరగా జరిగి, లోనికి పోవలసిన డోపా తరిగిపోయినది. సహ-ఎంజైముల పాఠమునకు ఇంతకన్న మంచి ఉదాహరణము నాకు దొరకలేదు.

దీనికి విరుగుడు కార్బిడోపా. అది ఆ ఎంజైమును అణచును, కాని తాను మెదడులోనికి పోజాలదు. కనుక లోపలి పని చెడదు. రెండును కలిపిన బిళ్లకు 1975లో అమెరికాలో అనుమతి లభించినది. డోపా మోతాదు ఇంచుమించు నాల్గవవంతుకు దిగినది. బి6 భయమును చాలవరకు తొలగినది. ఆ బిళ్ల పేరు సినెమెట్, అనగా లాటిన్‌లో ‘వాంతి లేక’ అని.

అయినను మాంసకృత్తులు హెచ్చుగానున్న భోజనముతో మ్రింగినచో మందు చాలినంతగా పనిచేయకపోవచ్చును. వానినుండి పుట్టు అమైనో ఆమ్లములు డోపాతో ఒకే ద్వారమున పోటీపడును. ఏండ్ల తరబడి వాడినవారిలో పలువురకు అవయవములు తమంతతాము మెలికలు తిరుగును. మెదడులోపలనే పుట్టు ఈ బాధను కార్బిడోపా ఆపజాలదు.